తెరమీద వెన్న 6.0 అని కనిపిస్తోంది, 6.0తో పోలిస్తే మాత్రం తక్కువంటోంది: లూప్‌లో తప్పెక్కడ?

పాలపుంత:

నమస్కారం. మా ఊరి పాల సేకరణ కేంద్రాన్ని మా నాన్నగారు నడుపుతారు. రైతులు పాలు పోస్తారు, యంత్రం వెన్న శాతం చూపిస్తుంది, నాన్నగారు గోడకు అతికించిన రేట్ల పట్టికలో ఎదురుగా ఉన్న ధర చూసి కాల్‌క్యులేటర్‌తో గుణించి రైతు పుస్తకంలో రాస్తారు. రేటు మారిన ప్రతిసారీ పట్టిక మొత్తం మళ్లీ చేత్తో వేయాలి. ఆ శ్రమ తప్పిద్దామని పైథాన్‌లో ఒక ప్రోగ్రామ్ మొదలుపెట్టాను.

గేదె పాలకు వెన్న 5.0 నుంచి 10.0 దాకా, 0.1 చొప్పున పెరిగే వరుసలు కావాలి. కిలో వెన్నకు 800 రూపాయలు అనుకుందాం. వెన్న 6.0 గానీ అంతకు మించి గానీ ఉంటే కిలో పాలకు ఒక రూపాయి అదనం. లూప్ ఇది (ఇక్కడ అంతా తెలుగు లిపిలో రాస్తున్నాను, ఫైల్‌లో మామూలు పదాలే ఉన్నాయి):

వెన్న = 5.0
వైల్ వెన్న != 10.1:
    ధర = వెన్న * 800 / 100
    ఇఫ్ వెన్న >= 6.0:
        ధర = ధర + 1
    పట్టిక[వెన్న] = ధర
    వెన్న = వెన్న + 0.1

మొదటిసారి నడిపితే ఆగనే లేదు. 10.1 దాటి వందల్లోకి వెళ్లిపోయింది. షరతును "వెన్న < 10.1" అని మారిస్తే ఆగింది గానీ, పట్టిక చివర 10.1 అనే వరుస ఒకటి ఎక్కువగా వచ్చింది. 10.1 కంటే 10.1 తక్కువ ఎలా అవుతుంది?

దానికంటే నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది 6.0 వరుస. ధర 49 రావాలి, 48 వస్తోంది. అంటే అదనపు రూపాయి పడటం లేదు. 6.1 నుంచి మాత్రం సరిగ్గా పడుతోంది. వెన్నను తెరమీద ప్రింటు చేస్తే చక్కగా 6.0 అనే చూపిస్తోంది (ఒక దశాంశ స్థానానికి కుదించి ప్రింటు చేస్తున్నాను).

మూడో సంగతి. పట్టిక తయారయ్యాక పట్టిక[5.0], పట్టిక[5.1] అడిగితే ధర ఇస్తోంది. 5.2 నుంచి పైకి ఏది అడిగినా అలాంటి విలువ పట్టికలో లేదని కీ ఎర్రర్ వస్తోంది.

విచిత్రం ఏమిటంటే, ఇదే కోడ్‌ను ఆవు పాలకు 3.0 నుంచి మొదలుపెట్టి, 3.5 దగ్గర అదనం పడేలా రాస్తే అక్కడ అదనం సరిగ్గానే పడింది. అందుకే లూప్‌లో తప్పు లేదనుకున్నాను. ఇది పైథాన్ లోపమా? వేరే భాషలో రాస్తే పోతుందా? డబ్బు లెక్క కాబట్టి తెలిసినవాళ్లు చెప్పేదాకా దీన్ని కేంద్రంలో పెట్టను.


సున్నా_ఒకటి:

తమ్ముడూ, ముందు ఒక పని చెయ్యి. ఒక స్థానానికి కుదించి చూపించే ఆ ప్రింటు తీసేసి, లూప్‌లో వెన్న విలువను ఉన్నదున్నట్టుగా ప్రింటు చెయ్యి. నేను ఇక్కడ నడిపి చూశాను. నీ దగ్గరా ఇవే వస్తాయి:

5.0
5.1
5.199999999999999
5.299999999999999
5.399999999999999
5.499999999999998

6.0 ఉండవలసిన చోట ఉన్నది 5.9999999999999964. పది ఉండవలసిన చోట 9.999999999999982. నువ్వు అదనంగా వచ్చిందన్న ఆ చివరి 10.1 అసలు 10.099999999999982. కాబట్టి కంప్యూటర్ నీ ప్రశ్నలన్నిటికీ నిజమే చెప్పింది. తెరమీది 6.0 మాత్రమే నిజం కాదు. కుదించిన ప్రింటు చూసి పోలికలను సరిచూసుకోవడం మొట్టమొదట మానెయ్యాలి.

ఎందుకిలా వస్తుందో కాస్త నిదానంగా చెబుతాను. ఆవు పాల పట్టిక బాగుందని నువ్వు అనుకోవడంలోనే అసలు ప్రమాదం ఉంది.

పైథాన్‌లో ఫ్లోట్ (దశాంశ సంఖ్యలను దాచే రకం) అంటే 64 బిట్ల డబుల్. 1985లో వచ్చిన ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం ఒక బిట్టు గుర్తుకు, 11 ఘాతానికి, 52 అంకెలకు పోతాయి. ముందుండే 1ని దాచనక్కరలేదు కాబట్టి మొత్తం 53 బిట్ల నిడివి దొరుకుతుంది. అందులో కచ్చితంగా ఇమిడేవి హారంలో రెండు ఘాతం ఉన్న భిన్నాలు మాత్రమే. అర, పావు, ఎనిమిదో వంతు ఇముడుతాయి. పదో వంతు ఇమడదు. దశాంశంలో మూడో వంతు 0.333 అని ఎలా సాగిపోతుందో, బైనరీలో పదో వంతు 0.000110011001100 అని అలా అంతు లేకుండా సాగుతుంది. 53 బిట్ల దగ్గర తెంచి గుండ్రం చేస్తే నీ 0.1 అసలు విలువ ఇది: 0.1000000000000000055511151231257827021181583404541015625. ఉండవలసిన దానికంటే వెంట్రుకవాసి ఎక్కువ.

ఎక్కువ ఉన్నదాన్ని పదే పదే కలిపితే మొత్తం పెరగాలి కదా, నీ దగ్గర తగ్గిందేమిటి? ఇక్కడే చాలామంది తడబడతారు. 0.1లో ఉన్న దోషం చాలా చిన్నది. అసలు నష్టం కూడిక ఫలితాన్ని గుండ్రం చేసేటప్పుడు జరుగుతోంది.

4కూ 8కీ మధ్య డబుల్ సంఖ్యలు 2⁻⁵⁰ ఎడంతో వరుసగా నిలబడి ఉంటాయి. ఆ ఎడాన్ని మెట్టు అందాం. ఈ మెట్లలో కొలిస్తే 0.1 అంటే 112589990684262.4 మెట్లు. అర మెట్టు మీద ఏ సంఖ్యా నిలబడలేదు కాబట్టి ప్రతి కూడికలోనూ ఆ 0.4 రాలిపోతుంది. 5.0 మీద మొదలుపెట్టావు, పదిసార్లు కలిపావు, పది 0.4లు కలిసి నాలుగు మెట్లు తగ్గాయి. 6.0కు సరిగ్గా నాలుగు మెట్ల కింద ఉన్న సంఖ్యే 5.9999999999999964. నీ రూపాయి పోయింది అక్కడే. 5.1 ఎందుకు సరిపోయింది? నువ్వు నేరుగా 5.1 అని టైపు చేసినా ఆ 0.4 అలాగే రాలిపోతుంది, రెండూ ఒకే మెట్టు మీద దిగుతాయి. 5.2కు వచ్చేసరికి నేరుగా రాస్తే 0.8 మిగిలి పై మెట్టుకు గుండ్రమవుతుంది. కూడుకుంటూ వస్తే రెండు 0.4లూ విడివిడిగా రాలిపోయి కింది మెట్టు మీదే ఉంటుంది. అందుకే నీ పట్టిక 5.0, 5.1 రెండింటికే జవాబిస్తోంది.

ఇప్పుడు ఆవు పాలు చూడు. 2కూ 4కీ మధ్య మెట్టు సగమే, 2⁻⁵¹. ఆ మెట్లలో 0.1 అంటే 225179981368524.8. ఈసారి 0.8 పైకి గుండ్రమవుతుంది, కూడిక కూడికకీ 0.2 మెట్టు లాభం. కాబట్టి 3.5 దగ్గరికి వచ్చేసరికి నీ చేతిలో ఉన్నది 3.5000000000000004. అది 3.5 కంటే ఎక్కువ, అందుకే అదనం పడింది. ఆ లూప్ సరైనది కాబట్టి పడలేదు, దోషం రైతు వైపు మొగ్గింది కాబట్టి పడింది. అదే లూప్‌ను ముందుకు సాగనిస్తే 4.0 దగ్గర 4.000000000000001 అవుతుంది. 4 దాటాక మెట్టు పెద్దదై మళ్లీ 0.4 చొప్పున దిగడం మొదలవుతుంది. 4.2, 4.3 వద్ద సరిగ్గా సమానంగా వచ్చి, 4.4 దగ్గర 4.3999999999999995కు పడిపోతుంది. అంటే ఒకే పట్టికలో కొన్ని వరుసలు పైకి, కొన్ని కిందికి, కొన్ని సరిగ్గా ఉంటాయి. రెండు మూడు విలువలు సరిచూసి బాగుందనుకునే వీలే లేదు.

ఇది పైథాన్ లోపం కాదు. సీ, జావాల్లో డబుల్ అన్నా, జావాస్క్రిప్ట్‌లో సంఖ్య అన్నా ఇవే 64 బిట్లు, ఇవే జవాబులు.

పరిష్కారం: లూప్‌ను ఫ్లోట్‌తో తిప్పకు. వెన్నను పదో వంతుల్లో పూర్ణాంకంగా లెక్కపెట్టు.

ఫర్ వెన్న_పదులు ఇన్ రేంజ్(50, 101):
    ఇఫ్ వెన్న_పదులు >= 60:
        ...
    పట్టిక[వెన్న_పదులు] = ...

తెరమీద చూపించేటప్పుడు మాత్రం వెన్న_పదులు / 10 అని రాయి. ఇక్కడ భాగహారమే వాడు. "వెన్న_పదులు * 0.1" అని రాశావంటే 0.1లోని దోషాన్ని 51తోనో 73తోనో గుణించినట్టు. 51 * 0.1 నడిపి చూడు, 5.1000000000000005 వస్తుంది. 51 / 10 అయితే 51, 10 రెండూ కచ్చితమైన సంఖ్యలు. వాటి భాగఫలానికి అతి దగ్గరి డబుల్‌ను ఇవ్వాలని ప్రమాణమే నిర్దేశిస్తుంది, కాబట్టి నువ్వు 5.1 అని టైపు చేస్తే వచ్చేదే వస్తుంది.


పాత_సీ_మాస్టారు:

పై జవాబు చదివి నా పాత విద్యార్థులు గుర్తొచ్చారు. అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో సీ నేర్చుకున్న ఏ తరాన్ని అడిగినా ఒక ప్రశ్న చెబుతారు. ఫ్లోట్ ఎ = 0.7 అని పెట్టి, ఎ < 0.7 అయితే ఒకటి, కాకపోతే ఇంకొకటి ప్రింటు చెయ్యమంటే ఏది వస్తుంది? తక్కువే అని వస్తుంది. సీలో ఫ్లోట్ అంటే 32 బిట్లు, అందులో 0.7 అంటే సుమారు 0.699999988. కోడ్‌లో ఊరికే రాసిన 0.7 మాత్రం డబుల్, అది ఇంకా దగ్గరి విలువ. ఈ రెంటినీ పోలిస్తే మొదటిదే చిన్నది. 0.7 బదులు 0.1 పెడితే ఎక్కువ అని, 0.5 పెడితే సమానం అని వస్తుంది. ప్రాంగణ ఎంపికల కోసం ఈ మూడు జవాబులూ బట్టీపట్టి వచ్చేవారు, ఎందుకని అడిగితే చెప్పేవారు కొద్దిమంది. దీన్ని చిక్కుప్రశ్నగా కాక పాఠంగా చెప్పాలని నేను అప్పటినుంచీ పట్టుబడుతూనే ఉన్నాను.

అణాల కాలం నుంచి ఒక ఉదాహరణ చెబుతాను. రూపాయికి 16 అణాలు ఉన్న రోజుల్లో అర్ధరూపాయి, పావలా, రెండణాల బేడ, అణా అంటే వరుసగా రూపాయిలో 1/2, 1/4, 1/8, 1/16. ఈ నాలుగూ బైనరీలో కచ్చితంగా ఇముడుతాయి. 1957లో దశాంశ నాణేలు వచ్చి రూపాయి నూరు పైసలైంది. ఇప్పుడు 0 నుంచి 99 పైసల దాకా ఉన్న నూరు విలువల్లో రూపాయలుగా రాసినప్పుడు కచ్చితంగా ఇమిడేవి నాలుగే: 0, 25, 50, 75. మిగిలిన 96 విలువలకూ కంప్యూటర్ దగ్గర ఉండేది ఉజ్జాయింపే. రూపాయలను ఫ్లోట్‌లో పెట్టాలనిపించినప్పుడల్లా ఈ లెక్క గుర్తు తెచ్చుకోండి.

దోషం ఒకే వైపు పోగుపడితే ఏమవుతుందో చెప్పడానికి కెనడాలోని వాంకూవర్ స్టాక్ ఎక్స్‌ఛేంజ్ సూచీ ఉంది. 1982లో దాన్ని 1000తో మొదలుపెట్టారు. లావాదేవీ జరిగిన ప్రతిసారీ మళ్లీ లెక్కగట్టి, మూడు దశాంశాల తర్వాతిది గుండ్రం చేయకుండా కోసేసేవారు. కోత ఎప్పుడూ కిందికే. 1983 నవంబరులో సరిదిద్దేనాటికి సూచీ 520ల్లో ఉంది, నిజానికి ఉండవలసింది 1098. మార్కెట్ పెరుగుతుంటే సూచీ సగానికి పడిపోయింది. ఈ అబ్బాయి గేదె పాల పట్టికలో జరిగిందీ అదే, ప్రతి కూడికలోనూ 0.4 మెట్టు కిందికే. గుండ్రం చేసే దోషాలు అటూ ఇటూ కొట్టుకుని సరిపోతాయనే మాట అడుగు ఒకేలా ఉన్న లూపుల్లో చెల్లదు.

భాగహారమా, 0.1తో గుణకారమా అన్న తేడాను చిన్నదిగా చూడొద్దు. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో అమెరికా పేట్రియాట్ వ్యవస్థ దూసుకొచ్చిన స్కడ్ క్షిపణిని అడ్డుకోలేకపోయింది. 28 మంది సైనికులు చనిపోయారు. ఆ వ్యవస్థ గడియారం సెకనులో పదో వంతులను పూర్ణాంకంగానే లెక్కపెట్టేది. దాన్ని సెకన్లుగా మార్చడానికి 24 బిట్లలో కోసిన 0.1తో గుణించేది. కోతలో పోయింది దాదాపు 0.000000095. వంద గంటలు ఆపకుండా నడిచాక లెక్క 36 లక్షల పదో వంతులకు చేరింది, దోషం 0.34 సెకనుకు చేరింది. అంత సేపట్లో స్కడ్ అర కిలోమీటరుకు పైగా ప్రయాణిస్తుంది. అది ఫ్లోటింగ్ పాయింట్ కాదు, బిందువు చోటు మారని స్థిర బిందువు లెక్క. అయినా మూలం ఒకటే: పదో వంతు బైనరీలో ఇమడదు.


పాలపుంత:

అక్కా, మాస్టారూ, ఇద్దరికీ ధన్యవాదాలు. 0.4 మెట్టు సంగతి కాగితం మీద వేసి చూసుకున్నాను, 5.2 దగ్గర ఎందుకు విడిపోయిందో అర్థమైంది. పట్టికను 50 నుంచి 100 దాకా పూర్ణాంకాలతో వేశాను. 51 వరుసలు వచ్చాయి, 60 దగ్గర అదనం పడింది.

ఇప్పుడు ఇంకో చోట ఆగాను. యంత్రం నుంచి వెన్న విలువ కేబుల్ ద్వారా నేరుగా ప్రోగ్రామ్‌కు వస్తుంది. యంత్రం తెరమీద 6.1 ఉన్నప్పుడు నాకు అందుతున్నది 6.099999904632568. దీన్ని పట్టికలో ఎలా వెతకాలి? ఇంట్(విలువ * 10) చేస్తే 60 వస్తోంది.


నడిరేయి_కోడ్:

మ్యాథ్ మాడ్యూల్‌లో ఈజ్‌క్లోజ్ అనే ఫంక్షన్ ఉందండి, పైథాన్ 3.5 నుంచి వస్తోంది. రెండు ఫ్లోట్‌లు దాదాపు సమానమా కాదా అన్నది చెబుతుంది. సమానం గుర్తు వాడిన ప్రతిచోటా దాన్ని పెట్టేస్తే సరిపోతుంది కదా. లేదంటే డెసిమల్ మాడ్యూల్ వాడండి. అందులో 0.1 అంటే 0.1యే, 0.1 + 0.2 అంటే 0.3యే. నేను డబ్బు లెక్కలన్నీ అందులోనే చేస్తాను.

రోజు మొత్తాలు కూడేటప్పుడు ఒక జాగ్రత్త. పైథాన్ 3.12 నుంచి సమ్ ఫంక్షన్ ఫ్లోట్‌లను మెరుగైన పద్ధతిలో కూడుతోంది. పది 0.1లను ఇస్తే 1.0 ఇస్తుంది. అంతకుముందు వెర్షన్లలో 0.9999999999999999 వచ్చేది. మీ ఇంట్లో ఒకటి, కేంద్రంలో ఒకటి వెర్షన్ ఉంటే ఒకే బిల్లుకు రెండు మొత్తాలు కనిపించవచ్చు. లూప్ రాసి చేత్తో కూడితే మాత్రం ఏ వెర్షన్‌లోనైనా పాత జవాబే.


సున్నా_ఒకటి:

సమ్ గురించి చెప్పింది చాలా అవసరమైన విషయం. ఈజ్‌క్లోజ్ గురించి మాత్రం నేను ఒప్పుకోను, కనీసం ఈ పనికి.

తమ్ముడికి అందిన 6.099999904632568 ఎక్కడిది? మాస్టారు చెప్పిన 32 బిట్ల ఫ్లోటే. యంత్రం లోపల 6.1ను 32 బిట్లలో దాచింది, పైథాన్ దాన్ని 64 బిట్లకు సాగదీసింది. సాగదీస్తే పోయిన అంకెలు తిరిగి రావు. 6.1కూ దీనికీ తేడా 6.1లో దాదాపు ఆరున్నర కోట్లలో ఒక వంతు. ఈజ్‌క్లోజ్ తనంతట తాను ఒప్పుకునే తేడా వంద కోట్లలో ఒక వంతు మాత్రమే. అంటే ఇక్కడ ఈజ్‌క్లోజ్ పెట్టినా సమానం కాదనే చెబుతుంది. ఎంత తేడాను సహించాలన్నది లైబ్రరీ నిర్ణయించలేదు, నీ చేతికి వచ్చే కొలతే నిర్ణయించాలి. పైగా ఒక పక్క సున్నా ఉంటే ఈజ్‌క్లోజ్ మామూలు అమరికలో దేన్నీ దగ్గరగా ఒప్పుకోదు, విడిగా కనీస హద్దు ఇవ్వాలి. ఇంకొకటి: మొదటిది రెండోదానికి దగ్గర, రెండోది మూడోదానికి దగ్గర అయినంత మాత్రాన మొదటిది మూడోదానికి దగ్గర కానక్కరలేదు. అలాంటి పోలికతో పట్టికలో వెతకలేం.

నీ యంత్రం ఒక దశాంశమే కొలుస్తుంది. కాబట్టి విలువ లోపలికి అడుగుపెట్టిన చోటే, ఒక్కసారి:

వెన్న_పదులు = రౌండ్(విలువ * 10)

61 వస్తుంది. ఆ తర్వాత ఆ ఫ్లోట్‌ను మరి ముట్టుకోకు. నువ్వు వాడిన ఇంట్ గుండ్రం చెయ్యదు, దశాంశ భాగాన్ని కోసేస్తుంది. వాంకూవర్‌లో జరిగింది అదే కోత. పాల బరువు దగ్గర కూడా ఇదే జాగ్రత్త కావాలి. తూకం 4.35 కిలోలు చూపిస్తే 4.35 * 100 ఎంతో చూడు: 434.99999999999994. ఇంట్ పెడితే 434. రైతు పోసిన పాలలో పది గ్రాములు కాగితం మీద మాయమవుతాయి. రౌండ్ పెడితే 435.

డెసిమల్ మంచిదే, వద్దనను. ఇక్కడ ఎవరైనా వాడితే ఒకటి గమనించండి: డెసిమల్‌కు 0.1ను కొటేషన్లలో అక్షరాల వరుసగా (స్ట్రింగ్‌గా) ఇవ్వాలి. ఊరికే ఫ్లోట్‌గా ఇస్తే నేను పైన రాసిన ఆ 55 దశాంశాల పొడవు సంఖ్య యథాతథంగా లోపలికి వెళ్తుంది. డెసిమల్‌లో కూడా 1ని 3తో భాగిస్తే ఎక్కడో ఒకచోట తెగాల్సిందే. అందుకే ఈ పనికి నా ఓటు పూర్ణాంకాలకే. వెన్న పదో వంతుల్లో, బరువు పది గ్రాముల్లో, డబ్బు పైసల్లో. లెక్క ఇలా ఉంటుంది:

పైసలు = బరువు * వెన్న_పదులు * 800 / 1000

4.35 కిలోలు, వెన్న 6.1 అనుకో. 435 * 61 * 800 = 21228000. వెయ్యితో భాగిస్తే 21228 పైసలు, అంటే 212 రూపాయల 28 పైసలు. కిలోకు రూపాయి అదనం అంటే పది గ్రాములకు ఒక పైసా, కాబట్టి బరువు అంకెనే కలిపితే చాలు: 21228 + 435 = 21663. మొత్తం 216 రూపాయల 63 పైసలు. చివరి భాగహారంలో తప్ప ఎక్కడా ఫ్లోట్ లేదు, ఎక్కడా పోలిక తప్పదు.

మా అమ్మ కూడా కేంద్రానికి పాలు పోసేది. 5.9 వచ్చిన రోజున ఆమె ఏమీ అనేది కాదు, 6.0 వచ్చిన రోజున పుస్తకంలో ఎంత రాశారో ఇంటికి వచ్చి నాకు చూపించి లెక్క అడిగేది. సరిగ్గా 6.0 దగ్గరున్న రైతుకే నీ పాత లూప్ రూపాయి ఎగ్గొట్టింది. కాబట్టి కేంద్రంలో పెట్టకముందే ఆగి అడిగావు చూడు, అది నాకు ఎంతో నచ్చింది.


పాలపుంత:

అక్కా, అంతా పూర్ణాంకాల్లోకి మార్చాను. ఒక్క అనుమానం మిగిలింది. వెయ్యితో భాగించినప్పుడు శేషం మిగిలితే? 4.37 కిలోలు, వెన్న 5.3కి 18528.8 పైసలు వచ్చింది. రౌండ్ పెడితే 18529 ఇచ్చింది. అది చాలా?


సున్నా_ఒకటి:

800 రేటుకు చాలు. 800తో గుణించిన దేన్ని వెయ్యితో భాగించినా శేషం 0, 200, 400, 600, 800లలో ఒకటే అవుతుంది, సరిగ్గా 500 ఎన్నడూ రాదు. కానీ రేటు మారుతుంది. 810 అయిన రోజున 4.50 కిలోలు, వెన్న 5.7 వేసి చూడు: 450 * 57 * 810 = 20776500. అంటే 20776.5 పైసలు, సరిగ్గా సగం. పైథాన్ రౌండ్ సగం దగ్గర సరిసంఖ్య వైపు వెళ్తుంది, 20776 ఇస్తుంది. మీ నాన్నగారు కాల్‌క్యులేటర్‌తో చేసి సగం ఉంటే పైకి వేస్తారు, 20777 రాస్తారు. ఒక పైసాయే, కానీ రైతు పుస్తకంలో ఒకటి, కంప్యూటర్ చీటీలో ఒకటి కనిపిస్తే ఆ రోజు నుంచి ఎవరూ ఆ చీటీని నమ్మరు.

కాబట్టి రౌండ్ వద్దు. వెయ్యితో భాగించకముందు 500 కలిపి, రెండు గీతల పూర్ణాంక భాగహారం వాడు:

పైసలు = (బరువు * వెన్న_పదులు * రేటు + 500) // 1000

20777 వస్తుంది. నాన్నగారి పద్ధతి ఏమిటో ముందు ఆయన్నే అడిగి నిర్ధారించుకో. ఆయన సగాన్ని కిందికి వేస్తారంటే కలపవలసింది 499. ఏదైనా సరే ప్రోగ్రామ్‌లో గుండ్రం చేసేది ఈ ఒక్క వరుసలోనే ఉండాలి. రైతు మొత్తం, పదిహేను రోజుల బిల్లు, కేంద్రం మొత్తం, అన్నీ ఇప్పటికే గుండ్రం చేసిన పైసలను కూడి తేవాలి, మళ్లీ వెన్న నుంచి లెక్కగట్టి కాదు. లేకపోతే రోజు చీటీలన్నీ కూడితే వచ్చేదీ బిల్లులో ఉన్నదీ కలవవు.

ఈ 450, 57, 810ను, దాంతోపాటు వెన్న 60 ఉన్న ఒక వరుసను ఫైల్‌లోనే పరీక్షలుగా ఉంచి, రేటు మార్చినప్పుడల్లా నడుపు. యంత్రం రెండు దశాంశాలు ఇచ్చే రకానికి మారితే పదో వంతులు నూరో వంతులు అవుతాయి, 1000 కాస్తా 10000 అవుతుంది, కలిపే 500 కూడా 5000 అవుతుంది. 60తో పోల్చిన చోట 600 రావాలి. అది మరిచిపోతే ప్రతి రైతుకూ అదనం పడుతుంది.